పిడుగుల దళం

తుపాకీ పట్టిన జవాను అందరికీ కనిపిస్తాడు. అతడికి పది పదిహేను కిలోమీటర్ల వెనక, ఏ కొండ చాటునో నిలబడి పిడుగులు పంపేవాళ్లు మాత్రం ఎవరికీ కనిపించరు. కంచరగాడిదల మీద మోసిన ఫిరంగుల నుంచి 48 కిలోమీటర్లు కొట్టే గన్ను దాకా... మన సైన్యంలోని శతఘ్ని దళం కథ ఇది.

జనవరి 26. పొద్దున్నే ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరతారు. రాష్ట్రపతి వస్తారు. జెండా ఎగురుతుంది. జాతీయ గీతం మొదలవగానే దూరంగా ఎక్కడో ‘ధన్... ధన్...’ అంటూ ఫిరంగులు మోగుతాయి. గీతం పూర్తవడానికి పట్టేది 52 సెకన్లు. ఆ 52 సెకన్లలోనే సరిగ్గా ఇరవై ఒక్క సార్లు మోగాలి. ఒకటి ముందు కాకూడదు, ఒకటి వెనక కాకూడదు. అలాగని 21 ఫిరంగులేమీ ఉండవు. ఉన్నవి ఏడే, ఒక్కోటి మూడుసార్లు పేలుతుంది.

2022 దాకా ఆ పని చేసినవి ‘25 పౌండర్లు’. పాతిక పౌండ్లు, అంటే పదకొండు కిలోలకు పైగా తూగే గుండును విసిరేవి కాబట్టి ఆ పేరు. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ సరుకు. మనకు స్వాతంత్య్రం రాకముందే పుట్టి, దేశంతోపాటు యుద్ధాలన్నీ చూసి, చివరికి ఉత్తుత్తి తూటాలతో వందనాలు చేసే పనిలో కుదురుకున్నాయి. 2023 గణతంత్ర దినోత్సవం నాడు వాటి స్థానంలోకి మన దేశంలోనే తయారైన 105 ఎంఎం గన్నులు వచ్చాయి.

ఇంట్లో పదేళ్ల నాటి ఫ్రిజ్‌ను చూస్తేనే ‘ఇంకా ఎన్నాళ్లు’ అనుకుంటాం. ఫిరంగి సంగతి వేరు. ఒకసారి సైన్యంలో చేరిందంటే తాత పేల్చినదాన్నే మనవడూ పేలుస్తాడు. అందుకే ఏ గన్ను కొనాలన్నది ఒక ప్రభుత్వం తీసుకునే నిర్ణయమే అయినా, దాని ఫలితం అనుభవించేది రెండు మూడు తరాల సైనికులు. మన శతఘ్ని దళం చరిత్రను తిరగేస్తే పేజీపేజీకీ ఎదురయ్యేది ఇదే.

కళ్లకు కనపడని గురి

ముందు అసలు ఈ ఫిరంగులు ఎలా పనిచేస్తాయో చూద్దాం. సినిమాల్లో అయితే ఫిరంగి పక్కన నిలబడ్డ హీరో ఎదురుగా వస్తున్న శత్రువును చూసి ‘ఫైర్’ అని అరుస్తాడు. నిజానికి గన్ను దగ్గరున్నవాళ్లకు శత్రువు కనిపించడం చాలా అరుదు. వాళ్ల ముందు ఉండేది ఓ కొండో, చెట్ల గుంపో. లక్ష్యం దాని అవతల ఎన్నో కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

మరి గురి ఎలా? పదాతి దళంతోపాటు ముందుకు పాకుతూ వెళ్లే బృందంలో శతఘ్ని దళం అధికారి ఒకరు ఉంటారు. బైనాక్యులర్స్, మ్యాపు, రేడియో సెట్... ఇవే ఆయన ఆయుధాలు. లక్ష్యం ఎక్కడుందో వెనక్కి చెబుతారు. మొదటి షెల్ పడ్డాక ‘రెండొందల మీటర్లు ముందుకు, యాభై కుడికి’ అంటూ దిద్దుతారు. అక్కడ లెక్కలు మారతాయి, గొట్టం కొంచెం పైకి లేస్తుంది, ఇంకో షెల్ వెళ్తుంది. గురి కుదిరిందనగానే గన్నులన్నీ ఒక్కసారిగా గర్జిస్తాయి.

ఆ లెక్కలు కూడా మామూలువి కావు. గాలి ఎటు వీస్తోంది, ఎంత చలిగా ఉంది, గొట్టం ఎంత అరిగింది... అన్నీ చూసుకోవాలి. ఎత్తయిన కొండల మీద గాలి పలచన కాబట్టి షెల్ ఎక్కువ దూరం దూసుకుపోతుంది. మరోపక్క చలికి లోపలి మందు నెమ్మదిగా మండుతుంది. వంద మీటర్లు లెక్క తప్పితే షెల్ పడేది శత్రువు మీద కాదు, ముందు పాకుతున్న మనవాళ్ల మీదే.

గన్ను, హొవిట్జర్, మోర్టార్ అని రకరకాల పేర్లు వింటుంటాం. గన్ను షెల్‌ను వేగంగా, చదునుగా, దూరంగా విసురుతుంది. హొవిట్జర్ కాస్త వంపుగా పైకి లేపి అడ్డంకుల మీదుగా పడేస్తుంది. మోర్టార్ అయితే బాంబును దాదాపు నిట్టనిలువుగా ఆకాశంలోకి పంపుతుంది. గోడ అవతల పడేలా బంతిని పైకి విసిరినట్టన్నమాట! కొండ వెనక నక్కినవాడికి దానితోనే భయం. చూడ్డానికి అదేమంత ఆర్భాటంగా ఉండదు. ఓ గొట్టం, కింద ఓ బరువైన పలక, ముందు రెండు కాళ్లు. పై నుంచి బాంబు జారవిడిస్తే అడుగున తగిలి పేలి ఎగిరిపోతుంది. 81 ఎంఎం మోర్టార్‌ను మూడు ముక్కలు చేసి ముగ్గురు భుజాన వేసుకుని కొండెక్కేయొచ్చు. సుమారు అయిదు కిలోమీటర్ల దాకా కొడుతుంది. పదాతి దళం తన దగ్గరే ఉంచుకునే సొంత ఫిరంగి అది. అంతకంటే పెద్దదైన 120 ఎంఎం మోర్టార్‌ను శతఘ్ని దళం చూసుకుంటుంది.

ఇక అంకెలు. ‘155 ఎంఎం’ అంటే గొట్టం నోటి వెడల్పు. దాని పక్కనే 39, 45, 52 అని మరో అంకె ఉంటుంది. నోటి వెడల్పుకు ఎన్ని రెట్లు పొడవుందో చెప్పేది అది. బోఫోర్స్ 39 రెట్లు, అంటే ఆరు మీటర్లు. కొత్తగా వస్తున్నవి 52 రెట్లు, ఎనిమిది మీటర్లు. గొట్టం ఎంత పొడవైతే గుండు అంత దూరం వెళ్తుంది.

జెండా లేని దళం

మన శతఘ్ని దళం పుట్టినరోజు 1827 సెప్టెంబరు 28. బొంబాయిలో గోలందాజ్‌ల, అంటే ఫిరంగులు పేల్చేవాళ్ల పటాలంలో ఒక కంపెనీ ఏర్పడిన రోజు. ఏటా ఆ తేదీనే ‘గన్నర్స్ డే’ జరుపుకొంటారు. ‘సర్వత్ర ఇజ్జత్-ఓ-ఇక్బాల్’ అన్నది దళం నినాదం. ఎక్కడైనా గౌరవమే, కీర్తే అని అర్థం.

అయితే 1857 తిరుగుబాటుతో తెల్లదొరలకు ఒక భయం పట్టుకుంది. భారతీయుడి చేతికి తుపాకీ ఇవ్వొచ్చు కానీ ఫిరంగి ఇవ్వకూడదని తీర్మానించుకున్నారు. ఉన్న దళాలను దాదాపుగా రద్దుచేశారు. మిగిల్చినవి కొన్ని కొండ బ్యాటరీలు మాత్రమే. ఫిరంగిని విడదీసి కంచరగాడిదల మీద కట్టి, కొండల్లోకి నడిపించుకుపోయే దళాలవి. తర్వాతి కాలంలో వాళ్లు వాడిన 3.7 అంగుళాల హొవిట్జర్‌ను మోయడానికి ఎనిమిది కంచరగాడిదలు కావాలి. ఒకదాని మీద చక్రాలు, ఇంకోదాని మీద గొట్టంలో సగం... ఇలా. చేరాల్సిన చోటుకు చేరగానే ముక్కలన్నీ బిగించి పేల్చేవారు. భారతీయులతో మళ్లీ ఫీల్డ్ గన్నుల దళాన్ని ఏర్పాటు చేయడానికి 1935 దాకా ఆగాల్సి వచ్చింది. అది మొదలైంది బెంగళూరులో.

మిగతా రెజిమెంట్లకు జెండాలుంటాయి. యుద్ధంలో జెండా పోగొట్టుకుంటే పరువు పోయినట్టే. శతఘ్ని దళానికి అలాంటి జెండా ఉండదు. గన్నే వాళ్ల జెండా. దాన్ని శత్రువుకు వదిలేసి రావడమంత అవమానం ఇంకోటి లేదు.

ఆ మాటకు అర్థమేంటో హవల్దార్ ఉమ్రావ్ సింగ్ కథ చెబుతుంది. 1944 డిసెంబరు. బర్మాలోని కలదాన్ లోయ. జపాన్ సేనలు తొంభై నిమిషాలపాటు ఫిరంగులతో, మోర్టార్లతో మోత మోగించి, ఆ తర్వాత కనీసం రెండు కంపెనీల బలంతో మీద పడ్డాయి. ఉమ్రావ్ సింగ్‌ది కొండ ఫిరంగి. ఒక దాడిని తిప్పికొట్టాడు. ఇంకోటి వచ్చింది. తోటివాళ్లు ఒక్కొక్కరే ఒరిగిపోతున్నారు. తూటాలూ అయిపోయాయి. చివరికి గన్నును కదపడానికి వాడే కడ్డీ ఒక్కటే చేతిలో మిగిలింది. దాంతోనే ముగ్గురిని పడగొట్టి తనూ పడిపోయాడు. ఆరు గంటల తర్వాత మనవాళ్లు అక్కడికి చేరేసరికి గుర్తుపట్టలేని స్థితిలో గన్ను పక్కనే ఉన్నాడు. ఒంటి మీద ఏడు గాయాలు. చుట్టూ పది మంది జపాన్ సైనికుల శవాలు. గన్ను మాత్రం చెక్కుచెదరలేదు. అదే రోజు మళ్లీ పేలింది కూడా!

ఆయనకు విక్టోరియా క్రాస్ ఇచ్చారు. దాని మీద వచ్చే పింఛను మాత్రం ఏడాదికి 168 పౌండ్లే. 1995లో లండన్‌లో యుద్ధ విజయ స్వర్ణోత్సవాలకు వెళ్లినప్పుడు బ్రిటన్ ప్రధాని జాన్ మేజర్‌కే నేరుగా చెప్పుకొన్నారు. ఆ తర్వాతే అది పెరిగింది. హరియాణాలోని సొంతూళ్లో వ్యవసాయం చేసుకుంటూ బతికిన ఉమ్రావ్ సింగ్ 2005 నవంబరులో కన్నుమూశారు. కష్టాల్లో ఉన్నా ఆ పతకాన్ని మాత్రం అమ్ముకోలేదు.

గోల్కొండ నీడలో...

ఫిరంగి దళంతో మనకూ ఓ బంధం ఉంది. కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ ఇచ్చే కేంద్రాలు దేశంలో రెండే. ఒకటి మహారాష్ట్రలోని నాసిక్ రోడ్‌లో, రెండోది హైదరాబాద్‌లో. 1962లో మొదలైన ఈ ఆర్టిలరీ సెంటర్ గోల్కొండ కోట పక్కనే ఉంది. ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చిన కుర్రాళ్లు ఇక్కడే గన్నర్లవుతారు.

ఇంతకంటే తగిన చోటు దొరకదేమో. 1687లో ఔరంగజేబు ఇదే కోటను ఎనిమిది నెలలు చుట్టుముట్టాడు. అప్పుడు తెచ్చిన పెద్ద ఫిరంగి ‘ఫతే రాహబర్’ ఇప్పటికీ కోట బురుజు మీద ఉంది. అన్ని ఫిరంగులున్నా మొఘలులు గోడ బద్దలుకొట్టి లోపలికి రాలేకపోయారు. లోపలివాడొకడు లంచం తిని తలుపు తీస్తే వచ్చారు. ఫిరంగులూ లంచాలూ కలిసి వినిపించడం మనకు బోఫోర్స్‌తోనే మొదలు కాలేదన్నమాట!

డకోటాల్లో వచ్చిన గన్నులు

స్వతంత్ర భారత సైన్యానికి ఫిరంగుల విలువ మొదటి ఏడాదే తెలిసొచ్చింది. 1947 నవంబరు నుంచి జమ్ము కశ్మీర్‌లోని పూంచ్ పట్టణం శత్రువుల దిగ్బంధంలో ఉంది. లోపల కొద్దిపాటి సైన్యం, వేలాదిమంది శరణార్థులు. హడావుడిగా చదును చేసుకున్న ఓ చిన్న రన్‌వేనే వాళ్లకు దిక్కు. శత్రువులు చుట్టూ కొండల మీదికి ఫిరంగులు తెచ్చి దాని మీదే గుండ్లు కురిపించడం మొదలుపెట్టారు. విమానం దిగకపోతే తిండి లేదు, మందుల్లేవు.

జవాబు చెప్పాలంటే వాటికంటే దూరం కొట్టే గన్ను కావాలి. అంటే 25 పౌండర్. బరువు టన్నున్నరకు పైనే. పగలు దిగితే కొట్టేస్తారు. దాంతో 1948 మార్చిలో ఎయిర్ కమడోర్ మెహర్ సింగ్ బృందం రాత్రిపూట, నూనె దీపాల గుర్తులే ఆధారంగా డకోటా విమానాలను ఆ రన్‌వే మీద దించింది. వాటిలోంచి గన్నులు దిగాయి. తెల్లారాక శత్రువుల ఫిరంగులకు మొదటిసారి గట్టి సమాధానం వెళ్లింది. అదే ఏడాది నవంబరులో దిగ్బంధం వీడేదాకా పూంచ్ నిలబడింది. మెహర్ సింగ్‌కు మహావీర చక్ర దక్కింది.

ఏడు బాంబులే మిగిలాయి

1962 వచ్చేసరికి కథ తిరగబడింది. చైనా దాడి చేసినప్పుడు ఈశాన్యంలో నామ్‌కా చూ ఒడ్డున మన జవాన్లకు అండగా ఉన్న ఫిరంగులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రోడ్లు లేవు. గన్నులను పారాచూట్లతో దించాల్సి వచ్చింది. గుండ్లకూ కరవే.

లద్దాఖ్‌లోని రెజాంగ్ లా దగ్గర జరిగింది ఇంకా విషాదం. పదహారు వేల అడుగుల ఎత్తున ఆ కనుమను కాస్తున్నది 13 కుమావూ బెటాలియన్‌కు చెందిన ఓ కంపెనీ. సుమారు 120 మంది. నాయకుడు మేజర్ షైతాన్ సింగ్. చుషూల్ వైపు మన గన్నులు ఉన్నాయి. కానీ వాటికీ రెజాంగ్ లాకూ మధ్య అడ్డంగా ఓ పర్వతం ఉంది. గుండు దాన్ని దాటి ఆ పోస్టు ముందు పడటం కుదరదు. గన్నులుండీ లేనట్టే. కంపెనీకి మిగిలిన ఆధారం తన దగ్గరున్న చిన్న మోర్టార్లు.

నవంబరు 18 తెల్లవారుజామున చైనా సేనలు అలలు అలలుగా వచ్చాయి. చివరి మనిషి దాకా, చివరి తూటా దాకా అన్న మాట చాలా యుద్ధాల గురించి అంటుంటారు. ఇక్కడ అక్షరాలా జరిగింది. నూటపది మందికి పైగా నేలకొరిగారు. మూడు నెలల తర్వాత మంచు కరిగే వేళకు ఓ గొర్రెలకాపరి అటుగా వెళితే... గడ్డకట్టిన దేహాలు ఎక్కడివక్కడే, చేతుల్లో ఆయుధాలతో సహా కనిపించాయి. మోర్టార్ల దగ్గరున్న వెయ్యి బాంబుల్లో మిగిలినవి ఏడే. అవీ పేల్చడానికి సిద్ధంచేసి ఉన్నవే. షైతాన్ సింగ్‌కు మరణానంతరం పరమవీర చక్ర ప్రకటించారు.

కొండలకు పనికొచ్చే ఆయుధాల మీద దృష్టి పడింది ఆ ఓటమి తర్వాతే. పర్వత డివిజన్లు ఏర్పడ్డాయి. 120 ఎంఎం మోర్టార్లు వచ్చాయి. విడదీసి మోసుకుపోయే 75 ఎంఎం హొవిట్జర్‌ను మనమే తయారు చేసుకున్నాం.

1965లోనూ 1971లోనూ భారం మోసింది ఎక్కువగా పాత 25 పౌండర్లే. 1960ల చివర్లో రష్యా నుంచి 130 ఎంఎం గన్నులు వచ్చాయి. 27 కిలోమీటర్లు కొట్టే ఈ గన్నుతో మనకు మొదటిసారి అంత దూరం చేయి అందింది. 25 పౌండర్ల స్థానంలో వాడటానికి మన ఇంజినీర్లు రూపొందించిన 105 ఎంఎం ఇండియన్ ఫీల్డ్ గన్ 1970ల చివర్లో జబల్‌పుర్ గన్ క్యారేజ్ ఫ్యాక్టరీ నుంచి రావడం మొదలైంది. 17 కిలోమీటర్లు కొడుతుంది. గొప్పగా చెప్పుకోని, పెద్దగా పేచీ పెట్టని గన్ను. ఇప్పటికీ చాలా రెజిమెంట్లకు అదే దిక్కు.

తిట్టిన నోళ్లే...

ఇక బోఫోర్స్. దేశంలో ఫిరంగి గురించి ఏమీ తెలియనివాళ్లకు కూడా తెలిసిన పేరు. 1980ల్లో 155 ఎంఎం గన్ను కోసం వెతుకుతున్నప్పుడు చివరిదాకా పోటీలో నిలిచినవి ఫ్రాన్స్, స్వీడన్ గన్నులు. ఫ్రాన్స్ గన్ను ఎక్కువ దూరం కొడుతుంది. స్వీడన్ బోఫోర్స్‌కు ఇంకో సుగుణం ఉంది. దానికి సొంత ఇంజిను ఉంది. కొట్టిన వెంటనే తనంతట తాను అక్కణ్నుంచి కదిలిపోగలదు. ఎక్కణ్నుంచి గుండు వచ్చిందో శత్రువు రాడార్ పసిగట్టి తిరిగి కొట్టేలోపే చోటు మార్చేయొచ్చు. పైగా పదమూడు పద్నాలుగు సెకన్లలో మూడు షెల్స్ వదులుతుంది. 1986 మార్చి 24న సుమారు 1,437 కోట్ల రూపాయలకు ఒప్పందం కుదిరింది. నాలుగొందలకు పైగా గన్నులు. ఆ తర్వాత మరిన్నింటిని మనమే తయారు చేసుకునేలా డ్రాయింగులు కూడా ఇవ్వాలన్నది షరతు.

ఏడాది తిరగ్గానే, 1987 ఏప్రిల్ 16న స్వీడిష్ రేడియో బాంబు పేల్చింది. ఈ బేరం కోసం భారత్‌లో ముడుపులు ముట్టాయని! ఆ తర్వాతి రెండేళ్లూ దేశమంతా అదే చర్చ. టీకొట్ల దగ్గర, రైళ్లలో, ఎన్నికల సభల్లో. 1989లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం ఓడిపోయింది. కేసు పాతికేళ్లు నడిచింది. మన దేశంలో శిక్ష అంటూ ఎవరికీ పడలేదు.

శిక్ష పడింది శతఘ్ని దళానికే. కంపెనీని నిషేధించారు. విడిభాగాలు ఆగిపోయాయి. ఒక గన్ను నడవాలంటే ఇంకో గన్నులోంచి ముక్క పీకి బిగించుకునే పరిస్థితి. డ్రాయింగులు జబల్‌పుర్‌లో బీరువా పాలయ్యాయి. కొత్త గన్ను కొందామంటే సంతకం పెట్టే ధైర్యం ఏ అధికారికీ లేదు. ఏ ఫైలు కదిలినా ‘ఇంకో బోఫోర్స్ అవుతుందేమో’ అన్న భయం.

సరిగ్గా ఆ స్థితిలో వచ్చింది 1999 కార్గిల్ యుద్ధం.

శ్రీనగర్-లేహ్ రహదారిని పైనుంచి చూసే శిఖరాలన్నింటి మీదా పాక్ సైనికులు బంకర్లు కట్టుకుని కూర్చున్నారు. కింద నుంచి ఎక్కేవాడు వాళ్లకు అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తాడు. మొదట్లో ఫిరంగుల అండ సరిగా లేకుండా ఎక్కిన పదాతి దళాలు భారీగా ప్రాణాలు పోగొట్టుకున్నాయి. అప్పుడు వ్యూహం మారింది. ద్రాస్ రోడ్డు పక్కన బోఫోర్స్ గన్నులు బారులు తీరాయి. 105 ఎంఎంలు, 120 ఎంఎం మోర్టార్లు, రష్యా గ్రాడ్ రాకెట్లు తోడయ్యాయి. టైగర్ హిల్ దగ్గరైతే బోఫోర్స్‌తో రైఫిల్‌లాగే నేరుగా బంకర్లకు గురిపెట్టి కొట్టారు. రోడ్డు మీది విలేకరుల కెమెరాల్లో పడ్డ ఆ దృశ్యాలు ఇంటింటికీ చేరాయి. పన్నెండేళ్లపాటు బోఫోర్స్‌ను తిట్టిన నోళ్లే ‘భలే గన్ను’ అన్నాయి.

ఆ యుద్ధంలో మన శతఘ్ని దళం వాడిన షెల్స్, బాంబులు, రాకెట్లు సుమారు రెండున్నర లక్షలు. దాదాపు 300 గన్నులు, మోర్టార్లు, రాకెట్ లాంచర్ల నుంచి రోజుకు అయిదు వేల చొప్పున పేల్చారు. టైగర్ హిల్‌ను తిరిగి దక్కించుకున్న రోజున ఆ ఒక్క శిఖరం మీదే తొమ్మిది వేలు! ఒక్కో బోఫోర్స్ షెల్ నలభై కిలోల పైమాటే. వాటిని లారీల్లోంచి దించి, చేతులతో మోసి, రోజుల తరబడి నిద్ర లేకుండా గొట్టంలో పెట్టింది మనుషులే. అటువైపు నుంచీ షెల్స్ పడుతూనే ఉన్నాయి. అవి ఎక్కణ్నుంచి వస్తున్నాయో పట్టిచ్చే మంచి రాడార్లు పాకిస్థాన్ దగ్గర ఉన్నాయి, మన దగ్గర లేవు. అమెరికా నుంచి 2002 తర్వాత కానీ రాలేదు. ఆపైన ‘స్వాతి’ పేరుతో మనమే తయారు చేసుకున్నాం.

ఫిరంగి ఎంత గర్జించినా శిఖరాన్ని పట్టుకోలేదు. మనవాళ్లు బంకర్లను సమీపించగానే అది ఆగాలి. ఆఖరి కొన్ని గజాలూ మనిషివే. హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న ద్రాస్ సెక్టార్‌లో తన కంపెనీని నడిపించింది అలాంటి గజాల్లోనే. తూటాల వానలో పాకుతూ వెళ్లి శత్రు బంకర్లలోకి గ్రెనేడ్లు విసిరి ప్రాణాలు వదిలారు. ఆయనకు మహావీర చక్ర ప్రకటించారు. కొండ కింది గన్నులూ కొండ మీది మనిషీ కలిస్తేనే ఆ విజయం. 2022 జులైలో ద్రాస్‌లోని 5140 శిఖరానికి ‘గన్ హిల్’ అని పేరు పెట్టి సైన్యం గన్నర్ల రుణం కొంత తీర్చుకుంది.

ముప్పై ఏళ్ల కరవు

కార్గిల్ తర్వాతైనా గన్నులు వెంటనే వచ్చాయా అంటే... లేదు. అన్ని రకాలనూ క్రమంగా 155 ఎంఎంలోకి మార్చాలని 1999లోనే ప్రణాళిక వేశారు. టెండర్లు పిలవడం, పరీక్షలు చేయడం, ఏదో ఆరోపణ రావడం, రద్దు చేయడం... ఇదే తంతు. బోఫోర్స్ తర్వాత మరో కొత్త 155 ఎంఎం గన్ను మన నేల మీద దిగింది 2017 మేలో. అమెరికాకు చెందిన ఎం777. ముప్పై ఏళ్లు! అప్పుడు సైన్యంలో చేరిన కుర్రాడు ఈలోపు రిటైరై పింఛను కూడా తీసుకుంటుంటాడు.

ఎం777 ప్రత్యేకత బరువులో ఉంది. బోఫోర్స్ పన్నెండు టన్నుల దాకా ఉంటే, టైటానియం వాడిన ఇది నాలుగు టన్నుల పైచిలుకే. చినూక్ హెలికాప్టర్ దాన్ని తాడుకు వేలాడదీసుకుని కొండ మీద పెట్టేస్తుంది. ఎనిమిది కంచరగాడిదల పని ఒక్క హెలికాప్టర్ చేస్తోందన్నమాట. 145 గన్నులు కొన్నారు. గుజరాత్‌లోని హజీరాలో దక్షిణ కొరియా పరిజ్ఞానంతో తయారైన కే9 వజ్ర ఇంకో రకం. ట్యాంకులా సొంత చక్రాల పట్టాల మీద తిరుగుతుంది. ఎడారి కోసమని వంద తీసుకున్నారు. చైనాతో ఉద్రిక్తత పెరగడంతో 2021లో వాటిని లద్దాఖ్‌కూ ఎక్కించారు. అక్కడ పనికొచ్చాయని తేలాక 2024 డిసెంబరులో మరో వందకు ఒప్పందం చేసుకున్నారు.

ఇక ఆ బీరువాలోని బోఫోర్స్ డ్రాయింగులు... వాటి దుమ్ము దులిపి, గొట్టం పొడవు 39 నుంచి 45 రెట్లకు పెంచి, జబల్‌పుర్‌లో ‘ధనుష్’ తయారు చేశారు. అదీ సాఫీగా సాగలేదు. 2013లో పోఖ్రాన్ పరీక్షల్లో గొట్టం పేలిపోయింది. 2017లో చైనా బేరింగులను జర్మనీవని అంటగట్టారంటూ సీబీఐ కేసు పెట్టింది. అన్నీ దాటుకుని 2019 ఏప్రిల్‌లో మొదటి ఆరు గన్నులు సైన్యం చేతికొచ్చాయి. 38 కిలోమీటర్లు కొడతాయి. మూడు దశాబ్దాల కిందటే చేసుకోగలిగిన పనికి అప్పటికి ముహూర్తం కుదిరింది. పాత రష్యా 130 ఎంఎం గన్నులను పారేయకుండా, వాటికి 155 ఎంఎం గొట్టాలు బిగించి ‘శారంగ్’ అని పేరు పెట్టారు. మన ఇళ్లలో పాత చీరతో బొంత కుట్టినట్టే!

గన్నులే కాదు, వాటి వెనక నిలబడే మనుషులూ మారుతున్నారు. 2023 ఏప్రిల్‌లో మొదటిసారిగా అయిదుగురు మహిళా అధికారులు శతఘ్ని దళంలో చేరారు. ఉత్తరాన, పశ్చిమాన సరిహద్దుల్లో ఉండే యూనిట్లకూ వాళ్లను పంపారు.

డీఆర్‌డీవో 2013లో మొదలుపెట్టిన అటాగ్స్ పూర్తిగా మన గన్ను. 52 రెట్ల గొట్టం, పరీక్షల్లో 48 కిలోమీటర్ల దాకా కొట్టింది. 2022 ఆగస్టు 15న ఎర్రకోట దగ్గర వందనం చేసిన ఫిరంగుల్లో ఇదీ ఉంది. 2025 మార్చి 26న 307 గన్నులకు ఒప్పందం కుదిరింది. వాటిని లాగే వాహనాలతో కలిపి విలువ సుమారు 6,900 కోట్ల రూపాయలు. రెండు ప్రైవేటు సంస్థలు పంచుకుని తయారు చేస్తాయి. పదిహేను రెజిమెంట్లకు సరిపోయే ఈ గన్నులన్నీ వచ్చేసరికి కొన్నేళ్లు పడుతుంది. అప్పటిదాకా లద్దాఖ్ చలిలో, కశ్మీర్ కొండల్లో కాపలా కాసే గన్నుల్లో 1986 ఒప్పందం నాటి బోఫోర్స్‌లూ ఉంటాయి.